శత్రువులు కోరుకున్న సేనాని

మన పాతకథల్లో రాజు బిడ్డలు లేకుండా కన్నుమూస్తే మంత్రులు పెద్దగా బుర్రలు బద్దలు కొట్టుకునేవారు కాదు. పట్టపుటేనుగు తొండానికి పూలమాల ఇచ్చి వీధిలోకి వదిలేవారు. ఆ ఏనుగు పండితులనూ ప్రభువులనూ దాటిపోయి, ఏ సత్రం అరుగుమీదో నిద్రపోతున్న బాటసారి మెడలో మాల వేసేది. అంతే, వాడే రాజు! వాణ్ణే ఎందుకు ఎన్నుకున్నావని ఏనుగును అడిగినవారు లేరు. అడిగినా చెప్పడానికి దానికి నోరు లేదు. కాని మాల పడ్డవాడు మాత్రం ఆ రాత్రి హంసతూలికా తల్పం మీద దొర్లుతూ, "ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు?" అని అనుకోకుండా ఉంటాడా? ఆ రాత్రి సంగతి మన కథకులు ఎన్నడూ చెప్పలేదు.

ఆ రాత్రినే తీసుకుని ఒక అమెరికన్ రచయిత పెద్ద కథ అల్లాడు. కథ పేరు 'బాబిలోన్ 5'. రచయిత జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ. 1993 ఫిబ్రవరిలో దీని తొలిచిత్రం టెలివిజన్‌లో వచ్చింది. 1994 జనవరి నుంచి 1998 నవంబరు దాకా అయిదేళ్లపాటు 110 భాగాలుగా ధారావాహిక నడిచింది. ఇందులో ఏనుగు లేదు. దాని స్థానంలో మొన్నమొన్నటిదాకా భూమిని నాశనం చేయబోయిన శత్రుజాతి ఉన్నది. మాల పడింది ఒక మామూలు సైనికాధికారి మెడలో. రాజ్యమంటారా, అది నక్షత్రాల మధ్య తేలే ఒక ఇనుప పట్టణం.

కథ ఇంకా చూడనివారికి ముందే ఒక మాట. ఈ వ్యాసంలో గుట్టు దాచలేదు. గుట్టు విప్పకుండా ఈ ఎన్నిక సంగతి చెప్పడం సాధ్యం కాదు.

ఇనుప పట్టణం

కథాకాలం క్రీ.శ. 2257. అప్పటికి మనుషులు భూమి దాటి చాలా దూరం పోయారు. పోయినచోటల్లా వేరే జాతులు ఎదురయ్యాయి. జాతికీ జాతికీ పడదు. అందరూ కూర్చుని మాట్లాడుకోవడానికి ఎవరి సొంతమూ కాని చోటు ఒకటి కావాలని భూమివారు తలపెట్టారు. అదే బాబిలోన్ పథకం.

మొదటి మూడు స్టేషన్లనూ కట్టీ కట్టకముందే ఎవరో ధ్వంసం చేశారు. నాలుగోది పూర్తయింది, పనిలోకి దిగిన ఇరవై నాలుగు గంటల్లో, ఎవరూ ముట్టుకోకుండానే, ఆచూకీ లేకుండా మాయమైంది! ఆ మాయమైన స్టేషన్‌ను కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ దానితో పనిపడుతుంది. మరొకరైతే పథకానికి దణ్ణం పెట్టి ఊరుకునేవారు. భూమివారు అయిదోది కట్టారు.

ఈ అయిదోది అయిదుమైళ్ల పొడవు. అందులో మనుషులూ ఇతర జాతులవారూ కలిసి రెండున్నర లక్షలమంది ఉంటారు. అది తన ఇరుసు చుట్టూ తాను గిరగిర తిరుగుతుంది. చెంబుకు తాడు కట్టి వడిగా తిప్పితే లోపలి నీళ్లు ఒలకవు గదా, అదే కిటుకు. ఆ తిరుగుడువల్ల లోపలివారి కాళ్లు నేలకు ఆనుతాయి. అందులో తోటలున్నాయి, సారాదుకాణాలున్నాయి, న్యాయస్థానాలున్నాయి, దిక్కులేని బీదలు తలదాచుకునే చీకటి మూలలూ ఉన్నాయి. అన్నిటినీ మించి, అయిదు జాతుల రాయబారులు కూర్చునే సభ ఉన్నది. ఆ సభలో ఒక్క మాట తూలితే చాలు, యుద్ధం.

ఇటువంటి చోటికి అధికారిగా ఎవరిని పంపాలి?

నిజజీవితంలో దీనికి పద్ధతులున్నాయి. మన తలలమీద తిరుగుతున్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరులో మనుషులు కాపురం మొదలుపెట్టినప్పుడు, అమెరికా నౌకాదళపు అధికారి విలియం షెపర్డ్ తొలి కమాండర్. ఆ తరువాత 2012లో ఒకసారి, 2024లో మరొకసారి సునీతా విలియమ్స్ ఆ పదవి నిర్వహించింది. ఏళ్లతరబడి శిక్షణ, విమానాలు నడిపిన అనుభవం, ఇదివరకటి యాత్రల్లో చూపిన నిబ్బరం, దేశాలమధ్య ఒప్పందాలు, వీటినిబట్టి కమాండర్‌ను నిర్ణయిస్తారు. ఎందుకు ఎన్నుకున్నారని ఎవరైనా అడిగితే చూపడానికి కాగితం ఉంటుంది.

బాబిలోన్‌కూ కాగితం ఉన్నది. భూమివారు జాబితా తయారుచేశారు. పేరుపొందిన సేనానులూ, పతకాలు మోసేవారూ పైవరుసలో ఉన్నారు. అయితే ఈ స్టేషన్‌కు డబ్బు పెట్టినవారిలో మింబారీ అనే జాతివారు ఉన్నారు. తొలి కమాండర్‌ను తాము ఒప్పుకోవాలన్నది వారి షరతు. జాబితా వారిముందు పెట్టారు. మొదటి పేరు వద్దన్నారు. రెండోది వద్దన్నారు. అలా వరసగా వద్దంటూ వచ్చి, ఎక్కడో అడుగున ఉన్న ఒక పేరు దగ్గర ఆగారు. జెఫ్రీ సింక్లెయిర్. కమాండర్ హోదా దాటనివాడు. "ఇతను కావాలి" అన్నారు. కారణం చెప్పలేదు.

మర్యాద తెచ్చిన యుద్ధం

ఈ కోరిక ఎంత వింతో తెలియాలంటే పదేళ్లు వెనక్కి పోవాలి.

మనుషులూ మింబారీలూ తొలిసారి ఎదురుపడ్డప్పుడు మింబారీ ఓడలు తమ ఫిరంగుల ద్వారాలు తెరిచి వచ్చాయి. వారి ఆచారంలో అది గౌరవసూచకం. దాపరికం లేదని చూపడం. భూమి ఓడ కెప్టెన్‌కు మాత్రం నోళ్లు తెరుచుకున్న ఫిరంగులే కనిపించాయి. కాల్చాడు. ఆ దెబ్బకు మింబారీల పెద్ద డుఖాట్ చనిపోయాడు. నమస్కారం పెట్టబోయినవాణ్ణి కొట్టవచ్చాడనుకుని పొడిచినట్టయింది.

ఇక మింబారీలు ఆగలేదు. 2245 నుంచి 2248 దాకా మూడేళ్లు మనుషులను ఊచకోత కోశారు. వారి ఓడలకు భూమి ఆయుధాలు గురి కుదరవు. చివరకు భూమి ఒక్కటే మిగిలింది. దానిచుట్టూ ఇరవై వేల ఓడలు ఆఖరి అడ్డుగా నిలిచాయి. గెలుస్తామని కాదు, సామాన్యులు కొందరైనా తప్పించుకునే వ్యవధి దొరుకుతుందని. ఆ ఇరవై వేలలో మిగిలినవారు సుమారు రెండువందలమంది.

ఆ రెండువందలమందిలో సింక్లెయిర్ ఒకడు. అంగారకగ్రహం మీద పుట్టాడు. జెసూట్ గురువుల దగ్గర చదివాడు. తాతముత్తాతలనుంచి యుద్ధవిమానాలు నడిపిన వంశం. ఆనాడు తన దళంలోవారంతా కళ్లముందే కాలిపోయారు. అతని చిన్న ఓడ కూడా దెబ్బతిన్నది. ఇక మిగిలింది ఒక్కటే అనుకుని ఎదుట ఉన్న మింబారీ పెద్ద ఓడను ఢీకొట్టడానికి దూసుకుపోయాడు. కళ్లు బైర్లు కమ్మాయి.

తెలివి వచ్చేసరికి ఇరవై నాలుగు గంటలు గడిచాయి. యుద్ధం లేదు. గెలుపు అరచేతిలో ఉన్న మింబారీలు ఉన్నట్టుండి లొంగిపోయారు!

ఎందుకు లొంగారో భూమిమీద ఎవరికీ తెలియదు. ఆ ఇరవై నాలుగు గంటలూ తను ఎక్కడున్నాడో సింక్లెయిర్‌కూ తెలియదు. జ్ఞాపకంలో అంతమేర ఖాళీ.

ఇప్పుడు చెప్పండి. పదేళ్ల తరువాత అదే శత్రువు, పెద్ద పెద్ద సేనానులను కాదని, "మాకు ఇతనే కావాలి" అంటే జనం ఏమనుకుంటారు? మనమైనా ఏమనుకుంటాం? ఆనాడు ఏదో అమ్ముకున్నాడనుకుంటాం. అక్కడివారూ అదే అనుకున్నారు. ఒక కథలో ఇద్దరు మనుషులు సింక్లెయిర్‌ను ఎత్తుకుపోయి, యంత్రాలకు కట్టి, అతని మనసులోకి జొరబడి, "నువ్వు భూమిని ఎంతకు అమ్మావు?" అని పీడిస్తారు. ఇంకొక కథలో జాబితాలో పైన ఉండి కూడా పదవి దక్కని కల్నల్ ఒకడు విచారణ నెపంతో వచ్చి, కడుపుమంట అంతా కక్కుతాడు. భద్రతాధికారి గారిబాల్డీ అతనికి ప్రాణమిత్రుడు. అసలు జాబితా సంగతి కూపీ తీసింది అతనే. మింబారీలు అందరినీ కాదని నీ పేరు దగ్గరే ఆగారన్న మాట మిత్రుడి నోట విన్నప్పుడు సింక్లెయిర్ ముఖంలో గర్వం కనిపించదు. భయం కనిపిస్తుంది.

పదవి వచ్చినవాడు భయపడటం మనం తరుచుగా చూసే విషయం కాదు.

తెలియకుండానే చేసిన పాలన

ఇక్కడే ఈ కథ నన్ను పట్టుకున్నది. తనను ఎందుకు ఎన్నుకున్నారో తెలియనివాడు రెండు పనులు చేయవచ్చు. నాలో ఏదో గొప్ప ఉండబట్టేగదా అని విర్రవీగవచ్చు. లేదా అనుమానంతో కుళ్లి, పని మానేయవచ్చు. సింక్లెయిర్ రెండూ చేయలేదు. పొద్దున లేచి పనిలోకి పోయాడు.

ఒక కథలో ఓడరేవు కూలీలు సమ్మె కట్టారు. జీతాలు చాలవు, మనుషులు చాలరు, యంత్రాలు పాతవి. వాటివల్ల ఒకడి ప్రాణం పోయింది. భూమిలోని పెద్దలు కఠినమైన చట్టం ప్రయోగించి, ఏ మార్గాన్నయినా సరే సమ్మె అణచమని సింక్లెయిర్‌కు అధికారమిచ్చారు. లాఠీలు లేస్తాయని అందరూ అనుకున్నారు. సింక్లెయిర్ ఆ ఉత్తర్వును శ్రద్ధగా చదివాడు. "ఏ మార్గాన్నయినా" అని ఉన్నది గదా! సైనిక ఖర్చులకు ఉంచిన డబ్బులోంచి తీసి కూలీల కోరికలు తీర్చాడు. సమ్మె చేసినవారందరికీ క్షమాపణ ప్రకటించాడు. సమ్మె ఆగిపోయింది. ఉత్తర్వు అక్షరాలా నెరవేరింది. ఉత్తర్వు ఇచ్చినవారికి మాత్రం ముఖాలు మాడిపోయాయి.

ఇంకొక కథలో జాతులన్నీ తమతమ మతాలను ప్రదర్శించే వారోత్సవం వచ్చింది. ప్రతి జాతీ తన ప్రధానమతాన్ని ఆర్భాటంగా చూపింది. మరి మనుషులకు ప్రధానమతం ఏది? సింక్లెయిర్ రాయబారులను ఒకచోటికి పిలిచాడు. అక్కడ మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. మొదట ఒక నాస్తికుడు, తరువాత క్యాథలిక్, ముస్లిము, యూదుడు, హిందువు, ఇంకా ఎందరెందరో. ఒక్కొక్కరినీ పేరుపేరునా పరిచయం చేస్తూ పోయాడు. ఆ వరస కనుచూపుమేర సాగింది. ఉపన్యాసం లేదు. ఇరవై రకాల దేవుళ్లతో, దేవుడే లేడనేవారితో కలిసి బతికే మన బోటివారికి ఆ దృశ్యం వివరించి చెప్పనక్కరలేదు.

ఇవన్నీ చూశాక, ఎన్నుకున్నవారి కారణం ఏదయినా కానీ, ఎన్నిక మాత్రం తప్పు కాలేదనిపిస్తుంది.

పూర్వజన్మ అనుకున్నది

ఇంతకూ ఆ కారణం ఏమిటి? అది రెండో ఏట తెలిసింది. అప్పటికి సింక్లెయిర్ స్టేషన్ విడిచి మింబారీల లోకానికి రాయబారిగా వెళ్లిపోయాడు.

ఆఖరి యుద్ధంలో మింబారీలు మనుషుల బలాబలాలు తెలుసుకోవడానికి ఒక బందీని పట్టి తెమ్మన్నారు. చేతికి దొరికినవాడు సింక్లెయిర్. వారి పాలకమండలి ముందు నిలబెట్టి, పవిత్రమైన ముక్కోణపు పరికరం ఒకటి అతని ఎదుట పెట్టారు. అది ధగధగ వెలిగింది. మండలి నిలువునా వణికిపోయింది. ఎందుకంటే అది అలా వెలగడానికి ఒకటే అర్థమనుకున్నారు. ఈ మనిషిలో ఉన్నది వేలెన్ ఆత్మ!

వేలెన్ అంటే వెయ్యేళ్లనాడు మింబారీలను ఒక్కతాటిపైకి తెచ్చి, చీకటిశక్తులతో జరిగిన మహాయుద్ధంలో గెలిపించి, ఆ పాలకమండలినే స్థాపించిన మహాపురుషుడు. మింబారీలకు పునర్జన్మ మీద గట్టి నమ్మకం. తమ జాతిలో కొన్ని తరాలుగా గొప్ప ఆత్మలు తగ్గిపోతున్నాయని వారికి దిగులు. అవన్నీ మనుషుల్లో పుడుతున్నాయా? అయితే తాము చంపుతున్నది ఎవరిని? మింబారీ మింబారీని చంపడం వారికి మహాపాపం. తక్షణం యుద్ధం ఆపారు. బందీ మనసులోంచి ఆ ఒక్కరోజునూ తుడిచి వదిలేశారు.

అమెరికన్ ప్రేక్షకులకు ఇది వింతగా తోచి ఉండవచ్చు. "పూర్వజన్మలో వాడు మావాడే" అన్న మాట మన ఇళ్లలో పాలకుండ దగ్గరకు వచ్చే పిల్లిని గురించి కూడా వింటాం. కనుక మనకు ఆశ్చర్యం తక్కువ, అర్థం ఎక్కువ.

పదేళ్లకు అతన్ని కమాండర్‌గా కోరుకోవడంలోనూ భక్తి ఒక్కటే లేదు. కళ్లముందు ఉంచుకుని కాపలా కాయాలన్నది అసలు ఉద్దేశం. ఆ కాపలాకు స్టేషన్‌లో రాయబారిగా కూర్చున్న స్త్రీ డెలెన్. ఆనాటి పాలకమండలి సభ్యులలో ఆమె ఒకతె. డుఖాట్ చనిపోయిన క్షణంలో దుఃఖం పట్టలేక యుద్ధానికి ఓటువేసింది కూడా ఆమే. సింక్లెయిర్‌కు ఆ తుడిచేసిన రోజు గుర్తుకువస్తే అతన్ని చంపవలసి ఉంటుందని ఆమెకు ఆజ్ఞ. ఆమె రోజూ నవ్వుతూ పలకరిస్తుంది. అతను స్నేహంగా బదులిస్తాడు. మాల వేసిన ఏనుగే అవసరమైతే తొక్కడానికి పక్కన నిలబడి ఉన్నదన్నమాట.

చివరి ముడి 1996లో వచ్చిన రెండు భాగాల్లో వీడింది. సింక్లెయిర్‌కు తొమ్మిదివందల ఏళ్లనాటి ఉత్తరం ఒకటి అందుతుంది. విప్పి చూస్తే అది తన చేతిరాతే! మాయమైన నాలుగో స్టేషన్‌ను గుర్తుంచుకోమన్నాను గదా? దాన్ని వెయ్యేళ్ల వెనక్కి తీసుకుపోయి ఆనాటి మహాయుద్ధంలో మింబారీలకు అండగా నిలపవలసినవాడు తానే. వెళితే తిరిగి రావడం లేదు. అతను వెళతాడు. దారిలో అదే పవిత్ర పరికరంతో తన శరీరాన్ని మార్చుకుని మింబారీగా బయటికి వస్తాడు. పేరు వేలెన్.

అంటే వేలెన్ ఆత్మ మనిషిలో పుట్టలేదు. మనిషే పోయి వేలెన్ అయినాడు. మింబారీలు చెప్పుకున్న కారణం పొరపాటు. చేసిన ఎన్నిక సరయినది. పూర్వజన్మ అనుకున్నది అతని రాబోయే రోజులు. ఎన్నుకున్నారు గనుక అతను అక్కడికి చేరాడు; అక్కడికి చేరాడు గనుకనే ఎన్నుకున్నారు. విత్తు ముందా, చెట్టు ముందా?

అదే 1993 జనవరిలో మొదలైన 'స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్' కథలోనూ ఇటువంటి కమాండరే ఉన్నాడు. యుద్ధంలో భార్యను పోగొట్టుకుని, ఇష్టం లేకుండా స్టేషన్‌కు వచ్చిన బెంజమిన్ సిస్కో. అతన్ని కూడా పరాయిజాతివారు తమ దేవతల దూతగా కొలుస్తారు. నడిసముద్రంలో దీపస్తంభం కాసే మనిషికి జీతం ఒక్కటే చాలదనీ, అక్కడ నిలబడటానికి ఇంకేదో కారణం ఉండాలనీ ఇద్దరు రచయితలకూ తోచింది కాబోలు.

తెరవెనుక కమాండర్

కథ ఇక్కడితో అయిపోలేదు. సింక్లెయిర్‌గా నటించిన మైకేల్ ఓహేర్ మొదటి ఏడు పూర్తికాగానే ధారావాహిక విడిచిపెట్టాడు. రెండో ఏట మింబారీలు ఏమాత్రం ఇష్టపడని షెరిడన్ అనే మరో కమాండర్ వచ్చాడు. ఆ పాత్ర బ్రూస్ బాక్స్‌లైట్నర్ వేశాడు. ఓహేర్ ఎందుకు పోయాడు? ప్రేక్షకులు రకరకాలుగా అనుకున్నారు. రచయిత పెదవి విప్పలేదు. ఓహేరూ చెప్పలేదు.

2012 సెప్టెంబరులో ఓహేర్ మరణించాడు. 2013లో స్ట్రజిన్‌స్కీ ఒక సభలో అసలు సంగతి బయటపెట్టాడు. మొదటి ఏట చిత్రీకరణ నడుస్తుండగానే ఓహేర్‌ను తీవ్రమైన మానసిక వ్యాధి పట్టుకున్నది. లేనివి కనిపించేవి, అందరూ తనపై కుట్ర చేస్తున్నారని భ్రమ కలిగేది. చికిత్స పొందేదాకా కొన్ని నెలలు చిత్రీకరణ ఆపుతానని రచయిత అన్నాడు. ఓహేర్ ఒప్పుకోలేదు. తనవల్ల పని ఆగితే ధారావాహికే పోవచ్చు, ఇంతమంది ఉద్యోగాలు పోతాయి, అది తనకు ఇష్టం లేదన్నాడు. ఆ బాధతోనే మొదటి ఏడు పూర్తిచేశాడు. తరువాత తప్పుకుని చికిత్స తీసుకున్నాడు. 1996లో తిరిగి వచ్చి, సింక్లెయిర్ వేలెన్‌గా మారే ఆ రెండు భాగాలూ నటించి కథ ముగించి ఇచ్చాడు.

ఈ రహస్యం నా సమాధిదాకా మోస్తానని రచయిత మాట ఇచ్చాడట. నీ సమాధిదాకా వద్దు, నా సమాధిదాకా చాలు అని ఓహేర్ సరిదిద్దాడట. తను పోయాక జనానికి తెలియాలి, ఇటువంటి కష్టంలో ఉన్నవారికి ఎవరికైనా అది పనికిరావచ్చు అని అతని ఉద్దేశం.

ఆ సంగతి తెలిశాక మొదటి ఏడు భాగాలు మళ్లీ చూస్తే మనసు కలుక్కుమంటుంది. మనసులో ఒకరోజు మేర ఖాళీని దాచుకుని, ఎవరిని నమ్మాలో తెలియక, అయినా పొద్దున్నే లేచి రెండున్నర లక్షలమంది బాగోగులు చూసిన కమాండర్ తెరమీద ఉన్నాడు. తెరవెనుక, తన మనసునే తాను నమ్మలేని స్థితిలో, తోటివారి కూడు పోకూడదని పళ్లబిగువున పని చేసిన నటుడు ఉన్నాడు.

మాల ఎవరి మెడలో పడుతుందో ఏనుగుకే తెలియాలి. ఎందుకు పడిందో ఒక్కొక్కసారి ఏనుగుకూ తెలియదు. పడిన తరువాత తెల్లవారి కచేరీకి పోయి, ముందు నిలబడ్డవాడి మొర వినడం మాత్రం మాల పడ్డవాడి వంతు. సింక్లెయిర్ ఆ పని చేశాడు. ఓహేర్ కూడా చేశాడు.